మర పట్టుకుంటుంది, లీకు ఆపేది వేరే

(ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థులకు, గ్యారేజీల్లో పనిచేస్తున్న మెకానిక్‌లకు వర్క్‌షాపులో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి. ఈ బల్ల మీద ఉన్నవన్నీ వేలెడంత వస్తువులు. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చిక్కేమిటంటే దగ్గరకు వచ్చి చూసినా ఒకేలా కనిపిస్తాయి. ఈరోజు మన పాఠం అదే.

కారుకు ఫ్యూయల్ ప్రెషర్ గేజి పెట్టడం గురించి చెప్పమన్నారు. గేజి గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు. లోపల వంపు తిరిగిన ఒక సన్నని గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే ఆ వంపు విచ్చుకోవడానికి చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. యూజీన్ బోర్డన్ అనే ఫ్రెంచి ఆయన 1849లో దీనికి పేటెంటు తీసుకున్నారు. ఇప్పుడు మనం కొనే ముల్లు గేజిల్లో చాలావరకు అదే ఏర్పాటు. మామూలు పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఒత్తిడి 3 నుంచి 4 బార్ ఉంటుంది, అంటే సుమారు 43 నుంచి 58 పీఎస్‌ఐ. మీ బండి అసలు అంకె సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. 7 బార్, అంటే 100 పీఎస్‌ఐ దాకా చూపించే గేజి తీసుకుంటే ముల్లు మధ్యలో నిలుస్తుంది. కార్బ్యురేటర్ బండ్లకు అమ్మే 15 పీఎస్‌ఐ గేజి చవకగా దొరికింది కదా అని తగిలిస్తే తాళం తిప్పగానే ముల్లు చివరికి వెళ్లి కొట్టుకుంటుంది, ఆ తర్వాత అది సున్నాకు రాదు. గేజి సంగతి ఇంతే.

కష్టమంతా గేజికీ కారుకీ మధ్య ఉన్న రెండు మూడు అంగుళాల దగ్గర ఉంది. గేజి డబ్బాలో గేజి ఒక్కటే వస్తుంది. దాని మెడకు ఒక మర, కారు గొట్టానికి ఇంకో రకం మూతి. ఈ రెండూ ఒకదానికొకటి పుట్టలేదు. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? గేజిని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లి, ‘దీనికి సరిపోయే ఫిట్టింగు ఇవ్వండి’ అని అడుగుతారు. దుకాణదారు నాలుగు డబ్బాలు తీసి ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు. ఏది రెండు చుట్లు తిరిగితే అది మన చేతిలో పెడతాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన మర కలిసిందా లేదా అని చూశాడు. పెట్రోలు బయటికి రాకుండా ఆపేది ఏదని చూడటం మన పని.

ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే మిగిలిందంతా దానంతట అదే వస్తుంది. ప్రతి జాయింటునూ చేతిలోకి తీసుకుని అడగండి: ఇక్కడ పట్టుకునేది ఏది, లీకు ఆపేది ఏది? చాలా ఫిట్టింగుల్లో ఈ రెండు పనులూ రెండు వేర్వేరు చోట్ల జరుగుతాయి.

ఇదిగో, మూడు ఇత్తడి ముక్కలు. ఇటు తీసుకోండి, చేతులు మార్చుకుంటూ చూడండి. ఒకటి 1/8 ఎన్‌పీటీ, అమెరికా పైపు మర. రెండోది 1/8 బీఎస్‌పీటీ, బ్రిటిష్ పైపు మర. మూడోది ఎం10, ఒక మిల్లీమీటరు పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం. మీకు మార్కెట్లో దొరికే గేజిలు, సెన్సర్లు దాదాపుగా ఈ మూడింటిలో ఏదో ఒకదానితోనే వస్తాయి. అమెరికా లెక్కన చేసినవాటికి ఎన్‌పీటీ. జపాన్ మీటర్ల సెన్సర్లకు ‘పీటీ 1/8’ అని రాసి ఉంటుంది, అది బ్రిటిష్ మరే. మన దగ్గర గాలి కంప్రెసర్ల సామాను అమ్మే దుకాణాల్లో ఎక్కువగా ఉండేదీ బ్రిటిష్ మరే. కాబట్టి ఆన్‌లైన్‌లో అమెరికా గేజి తెప్పించుకుని, మన ఊరి న్యూమాటిక్స్ (గాలి సామాను) దుకాణంలో నిపుల్, అంటే మరలున్న చిన్న గొట్టపు ముక్క, కొంటే ఏం జరుగుతుందో ఊహించండి. తిరుగుతుంది. బిగుసుకుంటుంది కూడా. కారుతుంది.

ఎందుకు కారుతుందో చూద్దాం. ఎన్‌పీటీలో అంగుళానికి 27 మరలు, మర కోణం 60 డిగ్రీలు. బీఎస్‌పీటీలో అంగుళానికి 28, కోణం 55 డిగ్రీలు. 55 డిగ్రీలు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఇంగ్లండులో పెట్టిన కోణం. 60 డిగ్రీలు విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలో ప్రతిపాదించిన కోణం. ఆ ఇద్దరి లెక్కలు కలవనందుకు ఇవాళ మన బానెట్ కింద పెట్రోలు కారుతోంది. అంగుళానికి ఒక్క మరే కదా తేడా అనుకోవచ్చు. ఏడు మరలు లోపలికి వెళ్లేసరికి ఆ తేడా దాదాపు పావు మర అవుతుంది. రెండు మూడు చుట్లు సాఫీగా పోయి, తర్వాత హఠాత్తుగా బిగుసుకోవడానికి కారణం అదే. మర మీద మర ఎక్కి ఇరుక్కుంది. దాన్ని మనం ‘బాగా టైటయింది’ అనుకుంటాం.

కంటితో తేల్చుకోలేరు. వెర్నియర్ తీయండి. మగ మరను, అంటే బయటివైపు మర ఉన్నదాన్ని, రెండు చోట్ల కొలవాలి, మూతి దగ్గర ఒకసారి, అవతలి చివర మర మొదట్లో ఒకసారి. ఎం10 రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది, పదికి కాస్త తక్కువ. ఎన్‌పీటీ మూతి దగ్గర ఇంచుమించు 10 మిల్లీమీటర్లు, మొదట్లో 10.3 దాటుతుంది. బీఎస్‌పీటీ మూతి దగ్గర తొమ్మిదిన్నర, లోపలికి వచ్చేసరికి 9.7 దాటుతుంది. చూశారా, ఎన్‌పీటీ మూతిని ఒక్కచోటే కొలిచి ‘పది ఉంది, కాబట్టి ఎం10’ అనుకునే ప్రమాదం ఎంత దగ్గరలో ఉందో! అందుకే రెండు చోట్ల. ఆ తర్వాత పిచ్ గేజి రేకు మర మీద ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పళ్ల కింద నుంచి వెలుగు రాకూడదు. 27 రేకు, 28 రేకు, ఒక మిల్లీమీటరు రేకు, మూడూ పెట్టి చూడండి. అయిదు నిమిషాల పని.

మీలో ఎవరైనా 1/8 అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3.2 మిల్లీమీటర్లు అని వెతికితే ఈ ముక్క మీద ఆ కొలత ఎక్కడా కనిపించదు. అది పైపు లోపలి రంధ్రం పేరున వచ్చిన సైజు. బయట మర పది మిల్లీమీటర్లు ఉంటుంది. దుకాణంలో ‘పది మిల్లీమీటర్ల ఫిట్టింగు’ అని అడిగితే మూడోది ఇస్తారు, వాళ్లను అనడానికి ఏమీ లేదు.

ఇప్పుడు మళ్లీ మన ప్రశ్న. ఎన్‌పీటీ, బీఎస్‌పీటీ రెండూ టేపర్ మరలు, పదహారుకు ఒకటి చొప్పున సన్నబడతాయి. సీసా మెడలో బిరడా బిగిసినట్టు మరే మరలో బిగిసి మూసుకుంటుంది. అంటే ఇక్కడ పట్టుకునేదీ మరే, ఆపేదీ మరే, మిగిలిన సన్నని సందును పూడ్చేది సీలెంటు. చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన పానాతో ఒకటిన్నర, మహా అయితే రెండు చుట్లు. ఎం10 సూటి మర. అది ఎంత బిగించినా మర దగ్గర మూసుకోదు. అక్కడ ఆపేది కింద ఉండే రాగి వాషరు, లేదా రబ్బరు అంచు అతికించిన వాషరు. సూటి మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం మన దగ్గర నిత్యం చూసే దృశ్యం. వాషరు చేయాల్సిన పనిని టేపు చేయదు.

టేపు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫ్యూయల్ ఫిల్టరు దాటాక, ఇంజెక్టర్ల ముందు, టేపు వద్దు. బిగించేటప్పుడు అంచు తెగి, దారప్పోగు లాంటి తునక లోపలికి జారుతుంది. ఇంజెక్టరు మూతి దగ్గర రంధ్రాలు ఎంత సన్నవో మీరు చూశారు. పెట్రోలును తట్టుకుంటుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న పేస్టు సీలెంటు వాడండి. మొదటి ఒకటి రెండు మరలు ఖాళీగా వదిలి, ఆ పైన పూయండి.

తర్వాతది ఫ్లేర్, గొట్టం మూతిని గరాటులా విప్పి కోన్ మీద కూర్చోబెట్టే జాయింటు. ఇది ఇంకా మోసకారి. ఈ రెండు నట్లనూ చూడండి. రెండింటి మరా 7/16 అంగుళం, అంగుళానికి 20. ఒకదాని మీద ఒకటి నున్నగా తిరుగుతాయి. ఒకటి ఏసీ, ఫ్రిజ్ రిపేరు సామాను దుకాణంలో దొరికే పావు అంగుళం ఫ్లేర్, దాని కోన్ 45 డిగ్రీలు. రెండోది హైడ్రాలిక్ దుకాణంలో జేఐసీ అని, రేసు కార్ల సామాను అమ్మేవారి దగ్గర ఏఎన్ 4 అని దొరుకుతుంది, దాని కోన్ 37 డిగ్రీలు. ఇక్కడ మర చేసే పని కోన్‌ను కోన్ మీదికి లాగి పట్టుకోవడమే. ఆపేది ఆ రెండు నున్నని లోహపు ముఖాలు. కోణాలు వేరైతే ముఖం ముఖానికి ఆనదు, ఒక సన్నని గీత మీద మాత్రమే తగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు అది కూడా ఆపేస్తుంది. ఇంజిన్ వేడెక్కి, ఊగి, చల్లారి, మళ్లీ వేడెక్కాక చెమ్మగిల్లుతుంది. ఫ్లేర్‌కు పేస్టూ వద్దు, టేపూ వద్దు. కోన్ మీద గీత పడిందా అని గోరుతో రాసి చూడండి. గోరుకు తగిలితే పారేయండి.

ఇక కారు వైపుకు వద్దాం. అక్కడ మీకు మూడు నాలుగు రకాల పరిస్థితులు ఎదురవుతాయి.

అన్నిటికన్నా అదృష్టం, రైలు మీదే, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం మీదే, టెస్టు పోర్టు ఉండటం. టైరు వాల్వు లాగా, పైన టోపీ, లోపల పిన్ను. చాలా అమెరికన్ కార్లలో ఉంటుంది. జనరల్ మోటార్స్ వాటిలో ఎక్కువగా ఇందాక చూసిన 7/16 మరే ఉంటుంది. ఫోర్డ్ వాటిలో ఇంకా సన్నది, టైరు వాల్వు మరకు దగ్గరిది. టెస్టు చేసి తీసేయడానికి పిన్ను నొక్కే హోసు సరిపోతుంది. ఏసీ గ్యాసు నింపే హోసు నట్టు 7/16 పోర్టుకు చక్కగా తిరుగుతుంది. తిరిగింది కదా అని వాడకండి. ఆ హోసు పెట్రోలు కోసం చేసింది కాదు.

పాత హోండాల్లో ఫిల్టరు పైన బాంజో బోల్టు, అంటే లోపల పెట్రోలు పారే బోలు బోల్టు, ఉంటుంది, దాని తల మీద చిన్న 6 మిల్లీమీటర్ల సర్వీసు బోల్టు. దాన్ని విప్పి అడాప్టరు పెట్టవచ్చు. బాంజోలో ఆపేవి రెండు రాగి వాషర్లు. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. రాగి ఒకసారి నలిగాక రెండోసారి అంత బాగా నలగదు.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువగా ఈ రెండూ ఉండవు. నైలాన్ గొట్టం వస్తుంది, చివర క్విక్ కనెక్టరు ‘టక్’మని రైలు పైపు మీద కూర్చుంటుంది. మర అనేదే లేదు. పట్టుకునేది క్లిప్పు, ఆపేది లోపలి ఓ రింగు. దీనికి ‘టీ’ అడాప్టరు కావాలి. ఒక వైపు మగ, ఒక వైపు ఆడ, మధ్యలో గేజికి 1/8 మర. సైజులు ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం ఉంటాయి. ఎక్కువగా తగిలేవి 7.89 మిల్లీమీటర్లు, 9.49 మిల్లీమీటర్లు. దుకాణంలో వీటినే 5/16, 3/8 అంటారు. ఇక్కడ కూడా వెర్నియరే దిక్కు. ఉబ్బిన అంచు మీద కాదు, ఓ రింగు కూర్చునే నున్నని చోట పైపును కొలవాలి. పెట్టే ముందు పైపు చివర తుడిచి, ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాయండి. పొడిగా తోస్తే ఓ రింగు మడతపడుతుంది. ‘టక్’మన్న తర్వాత వెనక్కి గట్టిగా లాగి చూడండి. శబ్దాన్ని నమ్మవద్దు, లాగడాన్ని నమ్మండి.

రైలుకు రంధ్రం చేసి ట్యాపు వేయవచ్చా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. లోహపు రైలు అయితే, విప్పి బయటికి తీసి, ట్యాపు వేసి, లోపల ఒక్క రజను కూడా మిగలకుండా కడగగలిగితే వేయవచ్చు. బండి మీద ఉండగా వేయకూడదు. ప్లాస్టిక్ రైలు అయితే ఆ ఊసే ఎత్తవద్దు.

గొట్టం గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఫిట్టింగు మీద అంత శ్రద్ధ పెట్టి గొట్టం దగ్గర అయిదు రూపాయలకు కక్కుర్తి పడతాం. హోసు మీద అచ్చు చదవండి. ఎస్‌ఏఈ జే30 ఆర్7 అని ఉంటే అది తక్కువ ఒత్తిడికి, 50 పీఎస్‌ఐ లోపు. నాలుగు బార్ల బండికి అది చాలదు. ఆర్9 అని ఉన్నది ఇంజెక్షన్ కోసం చేసింది. న్యూమాటిక్స్ దుకాణంలో నీలం రంగు పాలీయూరిథేన్ గొట్టం, తోస్తే పట్టుకునే ఫిట్టింగులు ఉంటాయి. ముద్దుగా ఉంటాయి, సైజులన్నీ దొరుకుతాయి. అవి గాలికి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, కాబట్టి ఏ రబ్బరైనా, ఏ ఓ రింగైనా ఇథనాల్‌ను తట్టుకునేదా అని అడిగే కొనాలి. ఓ రింగుల్లో అయితే విటాన్ అడగండి. క్లాంపు కూడా చూడండి. పట్టీకి గాట్లు తెగి ఉండే మామూలు రకం, బిగించిన కొద్దీ రబ్బరును కోస్తుంది. అంచులు పైకి తిప్పి, లోపల నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లాంపు వేరే ఉంటుంది.

మరి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోసులు కట్టే దుకాణాలు ఉన్నాయి. ముందు అక్కడికి వెళ్లండి. ఎన్‌పీటీ, బీఎస్‌పీటీ, మెట్రిక్, జేఐసీ తేడాలు ఆ కౌంటరు దగ్గర నిలబడిన కుర్రాడికి కూడా తెలుసు, రోజూ వాళ్లు చేసే పని అదే. స్పేర్ పార్టుల దుకాణం రెండోది. శానిటరీ దుకాణం మెట్లు ఎక్కకండి. జీఐ ఫిట్టింగు నీళ్లకు, దాని జింకు పూత పెట్రోలులో నానడానికి కాదు. అడిగేటప్పుడు మాట ఇలా ఉండాలి: ‘ఒక వైపు 1/8 ఎన్‌పీటీ ఆడ, ఇంకో వైపు జేఐసీ 4 మగ, ఇత్తడి లేదా స్టీలు.’ అంతే. కారు పేరు చెప్పనక్కర్లేదు. చెబితే చర్చ మైలేజీ మీదకు వెళుతుంది. (నవ్వులు)

శాశ్వతంగా పెట్టేవారికి రెండు జాగ్రత్తలు. ఒకటి, బరువైన గేజిని గానీ సెన్సర్‌ను గానీ సన్నని ఇత్తడి నిపుల్ మీద నేరుగా రైలుకు వేలాడదీయకండి. ఇంజిన్ వణుకుకు ఇత్తడి మెడ దగ్గర చిట్లుతుంది, అదీ ఎగ్జాస్టు పక్కనే. అల్లిన స్టీలు తొడుగున్న చిన్న హోసుతో పక్కకు తెచ్చి, బాడీకి బిగించండి. రెండోది, పెట్రోలు ఉన్న గొట్టాన్ని ఎట్టి పరిస్థితిలోనూ క్యాబిన్ లోపలికి తేకూడదు. డ్యాష్‌బోర్డు మీద గేజి కావాలంటే ఎలక్ట్రిక్ గేజి పెట్టుకోండి. సెన్సరు బానెట్ కిందే ఉంటుంది, లోపలికి వచ్చేది తీగ మాత్రమే.

గ్లిసరిన్ నింపిన గేజి బానెట్ కింద పెట్టినవారు ఒక ఫిర్యాదు చేస్తుంటారు: ఉదయం సరిగ్గా చూపిస్తుంది, వేడెక్కాక ఒత్తిడి తగ్గినట్టు చూపిస్తుంది, పంపు పోయిందేమోనని భయం. పంపు దగ్గరకు వెళ్లే ముందు గేజి పైన ఉన్న చిన్న రబ్బరు బిరడా చూడండి. వేడికి డబ్బా లోపల ఒత్తిడి పెరిగి, ఆ మేరకు ముల్లును వెనక్కి లాగుతుంది. బిరడాను కొద్దిగా ఎత్తితే లోపలి గాలి పోయి, ముల్లు తన చోటికి వస్తుంది. కొందరు ఇది తెలియక మంచి పంపును మార్చేశారు.

విప్పే ముందు ఒత్తిడి తీయాలి. పంపు ఫ్యూజు గానీ రిలే గానీ లాగి, ఇంజిన్ స్టార్టు చేసి, దానంతట అది ఆగిపోనివ్వండి. ఇంకొక్కసారి సెల్ఫు కొట్టండి. తర్వాత బ్యాటరీ నెగిటివ్ విప్పండి. అప్పటికీ కాస్త పెట్రోలు మిగిలే ఉంటుంది, కాబట్టి గుడ్డ చుట్టి విప్పండి. పొడి పౌడరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి, గోడకు వేలాడటం కాదు. బిగించేటప్పుడు రెండు పానాలు వాడండి, ఒకటి తిప్పడానికి, ఒకటి అవతలి భాగాన్ని పట్టుకోవడానికి. ఒక్క పానాతో తిప్పితే ఆ మెలి అంతా రైలుకు పోతుంది.

అయ్యాక స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పండి. పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ప్రతి జాయింటుకూ తెల్లని టిష్యూ కాగితం చుట్టి నొక్కండి. చెమ్మ ఉంటే కాగితం మీద మరక పడుతుంది, కంటికి కనిపించని లీకు కూడా అక్కడ దొరుకుతుంది. తర్వాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఒకసారి, చల్లారాక ఇంకోసారి అదే పని.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సార్, కొత్త కార్లలో రిటర్న్ లైను ఉండదంటున్నారు. గేజి రీడింగులో తేడా ఉంటుందా?

ఉంటుంది. రిటర్న్ అంటే మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే గొట్టం. అది ఉన్న పాత పద్ధతిలో ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటరు రైలు మీద ఉంటుంది, ఇంజిన్‌కు గాలి అందించే మానిఫోల్డ్ నుంచి దానికి ఒక వాక్యూమ్ గొట్టం. ఐడిలింగ్‌లో ఆ గొట్టం లాగేస్తే ఒత్తిడి ఉన్నదానికన్నా అర బార్ దాకా పెరగాలి. పెరగకపోతే రెగ్యులేటరునో, ఆ గొట్టాన్నో అనుమానించండి. ఆ గొట్టంలో పెట్రోలు వాసన వస్తే లోపలి పొర చిరిగినట్టే. రిటర్న్ లేని పద్ధతిలో రెగ్యులేటరు ట్యాంకు లోపల పంపుతో పాటే ఉంటుంది, కాబట్టి చాలావాటిలో ఐడిలింగ్‌లోనూ, యాక్సిలరేటరు నొక్కినా ముల్లు దాదాపు ఒకే చోట నిలుస్తుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు పడిపోతుంటే ఫిల్టరు మూసుకుపోయిందేమో, పంపు అలిసిందేమో చూడాలి.

ప్రశ్న: ఇదే ‘టీ’ అడాప్టరు డీజిల్ బండికి వాడవచ్చా?

తక్కువ ఒత్తిడి వైపు, అంటే ట్యాంకు నుంచి హై ప్రెషర్ పంపు దాకా, దానికి తగిన గేజితో పరీక్షించవచ్చు. ఆ పంపు దాటాక మాత్రం వేలు కూడా పెట్టవద్దు. కామన్ రైలులో ఒత్తిడి 1,600 బార్, కొన్నింటిలో 2,000 బార్ దాకా వెళుతుంది. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్క గాయంలా కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడి ఒత్తిడి చూడాలంటే స్కానర్ పెట్టండి, రైలు మీద కంపెనీవాళ్లు పెట్టిన సెన్సరు ఉంది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పెట్రోలు ఇంజిన్లకూ ఇదే మాట.

ఇక లేచి ర్యాంపు దగ్గరకు రండి. ఫోన్లు ఈ బల్ల మీద పెట్టేయండి. ఆ ఇత్తడి ముక్కలు మూడూ ఎవరి దగ్గర ఉన్నాయో ఇటు ఇవ్వండి, ఏది ఏ మరో చెప్పి మరీ ఇవ్వండి.